గ్రహములమీద నెపము

1962వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మకరరాశియందు సూర్యచంద్రులును, కుజ బుధ గురు శుక్ర శనులును, కేతువును ఒక్కచోట చేరి అష్టగ్రహకూటమి యేర్పడినప్పుడు, ప్రళయము వాటిల్లునన్న భీతి దేశమంతట వ్యాపించి, పట్టణములందును పల్లెలందును యజ్ఞములు, జపములు, గ్రహశాంతులు విరామము లేక జరిగినవి. ఫిబ్రవరి 5వ తేదీ వచ్చినది, పోయినది. ప్రళయము మాత్రము రాలేదు. భయపడినవారు తమ శాంతులే ఫలించెనని తృప్తి చెందిరి. వారిని పరిహసించినవారు, కోట్లకొలది మైళ్ల దూరమున నున్న గ్రహములు భూమిని ఏమియు చేయజాలవని నాడే తీర్పు చెప్పి ఊరకుండిరి.

ఈ రెండు పక్షములవారును ఒక్కచోటనే పొరపడిరని నా యభిప్రాయము. గ్రహములు సర్వమును చేయుననుట ఎంత తొందరపాటో, ఏమియు చేయవనుటయు నంతటి తొందరపాటే. ఏలయన భూమి తిరుగు అక్షమునకును, భూమి నడచు కక్ష్యకును నడుమ నున్న వాలును శుక్ర గురు ప్రభృతి గ్రహములు సత్యముగానే మార్చుచున్నవి, ఆ మార్పు యుగములమీద హిమానీనదములను పెంచినది, కరగించినది, వానకారుల బలమును మార్చినది. అయితే ఆ ప్రభావమునకు ఒక పరిమాణము గలదు, ఒక గతి గలదు. ఎంత యని, ఎంతకాలములో నని అడుగక గ్రహముల పేరెత్తువారు పూర్వము జాతకములతో తృప్తి పడుచుండిరి. ఇప్పుడు వారి వాదము వేషము మార్చుకొని, భూతాపమును గూర్చిన చర్చలలోనికి ప్రవేశించినది. కావున ఈ విషయమును కొంచెము నిదానముగా విచారింపవలసియున్నది.

భూమి తన చుట్టు తాను తిరుగు అక్షము, సూర్యుని చుట్టు తిరుగు కక్ష్యాతలమునకు నిట్టనిలువుగా లేదు. నేడు సుమారు 23 డిగ్రీల 26 కలల మేరకు ఒరిగియున్నది. డిగ్రీలో అరువదవ పాలు కల. కలలో అరువదవ పాలు వికల. ఈ వాలునే మన సిద్ధాంతకర్తలు పరమక్రాంతి యనిరి. గ్రీష్మ శీతములకును, పగటి రాత్రుల హెచ్చుతగ్గులకును, ఉత్తర దక్షిణాయనములకును ఇదియే మూలము. సూర్యసిద్ధాంతము దీనిని 24 డిగ్రీలుగా గ్రహించినది. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో ఎరటోస్తనీసు చెప్పినట్లు పరంపరగా వచ్చుచున్న విలువ 23 డిగ్రీల 51 కలలు. 15వ శతాబ్దిలో సమర్కందునందు ఉలుగ్ బేగ్ తన మహావేధశాలలో సాధించిన విలువ 23 డిగ్రీల 30 కలల 17 వికలలు. పురాతనుల పనిముట్ల దోషములను ఎంతగా తీసివేసి చూచినను, ఈ అంకెలు క్రమముగా దిగుచున్నవన్న సత్యము మిగులుచున్నది. నేటి గణన ప్రకారము ఈ తగ్గుదల నూరేండ్లకు సుమారు 47 వికలలు. వాలు తగ్గినకొలది కర్కటరేఖయు దక్షిణమునకు జరుగవలెను గదా. గుజరాతు మొదలు మిజోరామువరకు మన దేశమును ఖండించుచు పోవు ఆ రేఖ, ఏటేట పదునాలుగు మీటర్లకు పైగా భూమధ్యరేఖవైపు జరుగుచు, గడచిన 1,500 ఏండ్లలో ఇరువది కిలోమీటర్లకు మించి ప్రయాణము చేసినది. పటములో దానిని శాశ్వతముగా గీసినవారము మనమే కాని, ఆకాశము గీయలేదు.

ఈ మార్పునకు కారణము తెలిసికొనుటకు ముందు, దీనికంటె ఎన్నోరెట్లు పెద్దదియు, లోకమున ప్రసిద్ధమును అగు వేరొక చలనమును వేరుపరుపవలెను. భూమి పరిపూర్ణగోళము కాదు. దాని వ్యాసార్ధము భూమధ్యరేఖవద్ద 6,378 కిలోమీటర్లు, ధ్రువములవద్ద 6,357 కిలోమీటర్లు. ఈ 21 కిలోమీటర్ల ఉబ్బును పట్టుకొని చంద్రుడును సూర్యుడును భూమిని నిలువుగా నిలుపవలెనని లాగుచుందురు. కాని తిరుగుచున్న వస్తువు లాగిన దిక్కునకు లొంగదు గావున, వాలిన బొంగరము నేలమీద పడక తన తలతో ఒక వలయమును గీయునట్లు, భూమి అక్షమును ఆకాశమున ఒక మహావలయమును గీయుచున్నది. దాని వేగము ఏడాదికి 50 వికలలకు కొంచెము పైగా. ఒక్క చుట్టు ముగియుటకు దాదాపు 25,800 సంవత్సరములు. ఇందు మూడింట రెండు పాళ్లు చంద్రునివి, ఒక పాలు సూర్యునిది. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దిలో హిప్పార్కసు గుర్తించిన ఈ చలనమునకు 1687లో న్యూటను హేతువును చూపెను. మన దేశమున 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు, పూర్వశాస్త్రములలో ఆశ్లేష నడుమ ఆరంభమగునని చెప్పబడిన దక్షిణాయనము తన కాలమున పునర్వసునందు ఆరంభమగుచున్నదని గ్రహించి, ప్రత్యక్షమునే ప్రమాణముగా స్వీకరించెను. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలు దినము డిసెంబరు 21 లేక 22 అయియుండగా, మన మకరసంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో వచ్చుటకు కారణము ఈ అయనచలనమే. ఇంతవరకు జరిగినది చంద్రసూర్యుల పని; ఇందు తక్కిన గ్రహముల చేయి ఎక్కడ?

మొదట తిన్నగా లాగు సంగతి చూతము. దూరముననున్న వస్తువు భూమి ఉబ్బును మెలిపెట్టు శక్తి, దూరము యొక్క ఘనమును అనుసరించి క్షీణించును. అనగా దూరము రెట్టింపైనచో శక్తి ఎనిమిదవ పాలునకు దిగును. శుక్రుడు మనకు అత్యంత సమీపమునకు వచ్చినప్పుడును నాలుగు కోట్ల కిలోమీటర్ల దూరమున నుండును. చంద్రుని దూరము 3,84,000 కిలోమీటర్లు మాత్రమే. శుక్రుని ద్రవ్యరాశి చంద్రునికి అరువదియారు రెట్లున్నను, దూరమువలని నష్టమును లెక్కించినచో, అతడు ఉబ్బును లాగు శక్తి చంద్రుని శక్తిలో ఇంచుమించు ఇరువదివేలవ పాలు. భూమికంటె 318 రెట్లు బరువుగల బృహస్పతి శక్తి అందులోను తక్కువ. చంద్రునితో పోల్చినచో లక్షన్నరవ పాలును లేదు. కావున గ్రహములన్నియు ఒక్క వరుసను నిలిచి ఒక్కుమ్మడిగా లాగినను, ప్రతిదినము చంద్రుడొక్కడు చేయు పనిలో లేశమైనను చేయజాలవు. 1962 నాటి కూటమికి భయపడవలసిన పనిలేదనుటకు ఈ గుణకారము చాలును. అయినను సున్న వేరు, అత్యల్పము వేరు. అతిదూరమున నున్న క్వేసారులనుండి వచ్చు రేడియో తరంగములను ఖండఖండములందలి దూరదర్శినులతో ఏకకాలమున పట్టి భూమి అక్షము దిశను వికలలో వెయ్యవ పాలునకు లోపుగా కొలుచుచున్న నేటి ఖగోళజ్ఞులు, తమ పట్టికలలో శుక్రుని ఈ సూక్ష్మమైన లాగుడును సైతము చేర్చుకొనక తప్పుటలేదు.

గ్రహముల నిజమైన బలము వేరొక మార్గమున పనిచేయుచున్నది. అవి భూమి ఉబ్బును కాక, భూమినంతటిని లాగును; ఈ లాగుడు దూరము యొక్క వర్గమును అనుసరించి మాత్రమే తగ్గును. గ్రహకక్ష్యలన్నియు ఒకే తలమున లేవు. శుక్రుని కక్ష్య మన కక్ష్యకు 3.4 డిగ్రీలు, గురుని కక్ష్య 1.3 డిగ్రీలు వాలియున్నది. అందుచే ప్రతి గ్రహమును భూమిని తన తలమువైపు ఇసుమంత ఈడ్చును. ఒక్క యేడాదిలో ఆ యీడ్పు గణ్యము కాదు. అయినను వేలకొలది ప్రదక్షిణములలో ఒకదానిపై నొకటి చేరి, భూకక్ష్యాతలమునే మెల్లమెల్లగా త్రిప్పివైచుచున్నది. ఇందు శుక్రునిదియు, గురునిదియు అగ్రభాగము. నూరేండ్లకు 47 వికలల చొప్పున వాలు తగ్గుచున్నదంటిమే, దాని రహస్యమిదియే: అక్షము పైకి లేచుటచేత వాలు తగ్గుటలేదు, కక్ష్యాతలము భూమధ్యరేఖాతలమునకు చేరువగుటచేత తగ్గుచున్నది. రెంటి నడుమ కోణమునకు రెంటిలో నేది కదలినను మార్పు కలుగును గదా.

కాని దీర్ఘకాలమున అక్షమును ఊరకుండదు. చంద్రసూర్యులు అక్షమును త్రిప్పుచున్నది కక్ష్యాతలమునకు లంబమైన రేఖ చుట్టును. ఆ తలమే ఒరగినప్పుడు లంబరేఖయు ఒరగును, దానిని చుట్టుచున్న అక్షమును దారి మార్చుకొనవలసివచ్చును. అక్షము ఏడాదికి 50 వికలల వేగమున తిరుగుచుండగా, కక్ష్యాతలము యొక్క ప్రధానమైన ఊగు అదే దిక్కున ఏడాదికి సుమారు 19 వికలల వేగమున సాగుచున్నది. రెంటికిని నడిమి భేదము ఇంచుమించు 31.6 వికలలు. వృత్తమందలి 12,96,000 వికలలను ఈ భేదముతో భాగించినచో లబ్ధము 41,000. పరమక్రాంతి 22.1 డిగ్రీలకును 24.5 డిగ్రీలకును నడుమ ఒకమారు దిగి మరల ఎక్కుటకు పట్టు కాలము సరిగా ఇన్ని సంవత్సరములే. సుమారు పదివేల ఏండ్ల క్రిందట అది 24.2 డిగ్రీల మేరకు పెరిగి, అప్పటినుండి దిగుచు, ఇంకను కొన్నివేల ఏండ్లు దిగుచునే యుండును. ఇంతటి విశాలమైన కాలచక్రము ఒక్క తీసివేతతోను, ఒక్క భాగహారముతోను చేతికి చిక్కుట చూచినప్పుడు, గణితముపై గౌరవము కలుగనివాడుండడు.

ఈ జ్ఞానము ఒక్కనాట లభించినది కాదు. 18వ శతాబ్దిలో ఆయిలరు ఈ తగ్గుదలకు గ్రహాకర్షణమే కారణమని చూపగా, లగ్రాంజి, లాప్లాసులు కక్ష్యల దీర్ఘకాలవికారములకు సమీకరణములు నిర్మించిరి. 1846లో లెక్కలతోనే నెప్ట్యూను స్థానమును చెప్పిన లెవెరియే, అంతకు పూర్వమే లక్షయేండ్ల కక్ష్యావికారములను గుణించియుండెను. ఈ వికారములకును మంచుయుగములకును సంబంధము కలదని గట్టిగా వాదించిన జేమ్సు క్రాల్, గ్లాస్గోలోని ఒక కళాశాల సంగ్రహాలయమున కావలివాడుగా నుండి, అక్కడి గ్రంథములను స్వయముగా చదివి పండితుడైనవాడు. ఆ భావమును సంపూర్ణశాస్త్రముగా రూపొందించిన ఘనత మిలుటిన్ మిలంకోవిచ్ అను సెర్బియా దేశీయునిది. వియన్నాలో కాంక్రీటు కట్టడముల ఇంజనీరుగా పేరుపొంది, 1909లో బెల్‌గ్రేడు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి స్వీకరించిన ఆయన, ఉత్తరార్ధగోళమునందలి వేసవి యెండ ఆయా అక్షాంశములవద్ద లక్షలయేండ్లుగా ఎట్లు మారెనో మూడు దశాబ్దములు చేతితో గుణించెను. 1941 ఏప్రిలులో ఆయన మహాగ్రంథము అచ్చగుచుండగా జర్మను విమానములు బెల్‌గ్రేడుపై బాంబులు కురిపించినవి. ముద్రణాలయము ధ్వంసమైనను, అచ్చైన కాగితములు దాదాపుగా దక్కినవి. ఆయన 1958లో మరణించెను. తన సిద్ధాంతమునకు ప్రబలమైన సాక్ష్యము లభించుటను ఆయన చూడలేదు. అది 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు, హిందూమహాసముద్రపు దక్షిణభాగమున అడుగునుండి తీసిన బురదస్తంభములలో, నాలుగున్నర లక్షల ఏండ్ల సూక్ష్మజీవుల గుల్లలను పరీక్షించి, అందు లక్షయేండ్ల లయతోపాటు 41,000 ఏండ్ల లయను, 23,000, 19,000 ఏండ్ల లయలను వెలికితీసినప్పుడు లభించినది. మన సముద్రపు బురదలో శుక్రుని చేవ్రాలు, గురుని చేవ్రాలు కనబడినవనిన, అతిశయోక్తి కాదు.

వానల సంగతి మనకు మరింత దగ్గరది. ఉగాదినాడు పంచాంగశ్రవణమున ఆ యేటికి రాజెవరో, మంత్రి యెవరో, సస్యాధిపతి యెవరో, మేఘాధిపతి యెవరో పండితులు చదివి వినిపించుట తెలుగువారి ఆచారము. మేఘాధిపత్యము ఏ గ్రహమునకు వచ్చినదన్న దానినిబట్టి వానలను ఊహించుకొనుటయు ఆచారమే. మేఘములపై గ్రహములకు నిజముగా ఆధిపత్యమున్నది. అయితే పదవీకాలము ఒక్క యేడాది కాదు. భూకక్ష్య కొంచెము కోలగా నుండుటచే భూమి జనవరి మొదటివారమున సూర్యునికి మిక్కిలి సమీపముగను, జూలైలో మిక్కిలి దూరముగను ఉండును. ఈ రెండు దినముల నడుమ మనకు చేరు ఎండలో భేదము నూటికి ఏడు పాళ్లవరకు గలదు. గ్రహములు ఈ కోలకక్ష్య యొక్క దీర్ఘరేఖను ఏడాదికి పదకొండున్నర వికలలకు పైగా ముందునకు త్రిప్పుచుండగా, అయనచలనపు 50 వికలలు ఎదురుదిక్కునుండి వచ్చి కలియును. కావున సమీపస్థితి ఒక ఋతువునుండి బయలుదేరి మరల ఆ ఋతువునకు వచ్చుటకు సగటున 21,000 ఏండ్లు పట్టును. పదకొండువేల ఏండ్ల క్రిందట ఆ సమీపస్థితి మన వేసవిలో నుండెను. ఆసియా భూభాగము నేటికంటె తీవ్రముగా కాగి, సముద్రమునుండి తడిగాలులను బలముగా లాగికొనుటచే నైరుతి ఋతుపవనములు నాడు ప్రబలములై యుండెనని అరేబియా సముద్రపు అడుగుబురదయు చెప్పుచున్నది; నేడు ఎడారియైన సహారాలో చెరువులును పచ్చికబయళ్లును ఉండుటకును అదియే హేతువు. ఈ సంబంధమును 1981లో కుట్జ్‌బాక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గణకయంత్రముతో నిరూపించెను. కక్ష్య కోలతనమును పెంచి తగ్గించు పనియు గ్రహములదే. అందు 4,05,000 ఏండ్ల ఆవృత్తి శుక్ర గురుల కలయికవలన పుట్టినది, కోట్ల యేండ్లనుండి చెక్కుచెదరనిది.

ఇట్లు గ్రహములు నిరంతరముగా ఊగించుచున్నను, మన వాలు రెండున్నర డిగ్రీల హద్దులో నిలిచియుండుటకు చంద్రుడే కారణమని 1993లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ లస్కారును, ఆయన సహచరులును చూపిరి. చంద్రుడు లేనిచో అక్షము తిరుగు వేగము 50 వికలలనుండి 16 వికలలకు పడిపోయి, ఏడాదికి 26 వికలలకు లోబడియున్న గ్రహకక్ష్యల ఊగులతో శ్రుతి కలిసి, వాలు 0 నుండి 85 డిగ్రీలవరకు అడ్డులేక తిరుగాడవచ్చునని వారి గణన. అది జరుగుటకు పట్టు కాలము మిక్కిలి దీర్ఘమనియు, కొన్ని కోట్ల ఏండ్లలో మార్పు అంత తీవ్రము కాకపోవచ్చుననియు 2012లో వెలువడిన మరియొక గణన తెలిపినది. పెద్ద చంద్రుడు లేని కుజుని వాలు నేడు మన వాలుకు దగ్గరగా 25 డిగ్రీలే యైనను, గతమున అది 60 డిగ్రీలవరకు పోయియుండవచ్చునని లెక్కలు చెప్పుచున్నవి.

ఇంతవరకు చెప్పినది గ్రహములకు చెల్లవలసిన గౌరవము. ఇక వానిపై మోపబడుచున్న అపవాదు. భూమి వేడెక్కుచున్నదని శాస్త్రజ్ఞులు హెచ్చరించినప్పుడెల్ల, "మంచుయుగములు వచ్చినవి, పోయినవి; అప్పుడు బొగ్గు కాల్చినవారెవరు? ఇది అంతయు భూమి తిరుగుడులోని సహజమైన మార్పే" యని పలుకు విద్యావంతులు మన సభలలోను, పత్రికలలోను, ప్రవాసులైన మనవారి గోష్ఠులలోను పెరుగుచున్నారు. వీరు మిలంకోవిచ్ పేరును వినియుందురు. ఆయన అంకెలను చూచియుండరు. చివరి మంచుయుగపు తీవ్రదశనుండి నేటి మధురమైన వాతావరణమునకు వచ్చుటకు భూమి సగటున అయిదారు డిగ్రీల సెల్సియసు వేడెక్కినది. ఆ పనికి పట్టిన కాలము ఇంచుమించు పదివేల ఏండ్లు. గడచిన నూటయేబది ఏండ్లలోనే భూమి ఒక డిగ్రీకి మించి వేడెక్కినది. ఆ నూటయేబది ఏండ్లలో గ్రహములు మన వాలును మార్చినది డెబ్బది వికలలు, అనగా ఒక డిగ్రీలో ఏబదవ పాలునకు లోపు. పైగా ఆ మార్పు జరుగుచున్నది తగ్గు దిక్కునకు; వాలు తగ్గినచో ఉత్తరధ్రువప్రాంతపు వేసవి చల్లబడవలెను. సూర్యసమీపస్థితియు నేడు జనవరిలోనే యుండుట ఆ చల్లదనమునకే తోడుపడును. అనగా గ్రహములు మనలను ఎటువైపునకైన నెట్టుచున్నచో, అది అతిమందముగా శీతలము వైపునకే. భూమి మాత్రము ఎదురుదిక్కునకు పరువెత్తుచున్నది.

కారణము వెదకుటకు ఆకాశమునకు పోనక్కరలేదు. అంటార్కిటికా మంచుపొరలలో చిక్కుకొన్న గాలిబుడగలు చెప్పినదాని ప్రకారము, గడచిన ఎనిమిది లక్షల ఏండ్లలో గాలియందు బొగ్గుపులుసువాయువు పదిలక్షల పాళ్లలో మంచుయుగములందు 180 పాళ్లకు దిగి, వెచ్చని కాలములందు 280 పాళ్లకు ఎక్కుచు, పరమావధిగా 300 పాళ్లను సమీపించినది. నేడది 420 పాళ్లను దాటినది. ఈ పెంపు బొగ్గు, రాతినూనె, సహజవాయువు కాల్చుటచేతను, అడవులు నరుకుటచేతను వచ్చినదేగాని శనిదృష్టిచేత రాలేదు.

మిలంకోవిచ్ సిద్ధాంతమును ఊరటకొరకు చెప్పుకొనువారు గ్రహింపని సంగతి ఇంకొకటి గలదు. వాలు రెండు డిగ్రీలు మారినప్పుడు, భూమికంతటికి ఏడాదిపొడుగున చేరు ఎండలో మార్పు దాదాపుగా లేదు. ఆ యెండ ఏ అక్షాంశమునకు, ఏ ఋతువున ఎంత చేరుననునదే మారినది. అంతమాత్రమునకే ఉత్తరఖండములపై కిలోమీటర్ల మందముగల మంచు పేరుకొనినది, సముద్రమట్టము 120 మీటర్లు దిగినది, విశాఖ మొదలు నెల్లూరువరకు నేడు అలలు కప్పియున్న తీరపుతట్టు ఎండి నేలయైనది. చిన్నదగు కారణమునకు ఇంతటి ఫలము కలుగుటకు హేతువు, తెల్లని మంచు ఎండను వెనుకకు త్రిప్పికొట్టుటయు, సముద్రము బొగ్గుపులుసువాయువును మ్రింగి మరల విడుచుటయు మొదలైన చర్యలు మొదటి ప్రేరణను పలుమడుగులు చేయుట. ఇట్టి సుకుమారమైన యేర్పాటుగల భూమిపై, గ్రహములు ఎన్నడును ప్రయోగింపనంతటి వేగముతో మనము చేయి చేసికొనుచున్నాము. మంచుయుగముల చరిత్ర మనకు అభయము కాదు, హెచ్చరిక.

అక్షము విషయముననే మానవహస్తమునకు వేరొక నిదర్శనము 2023లో వెలువడినది. 1993 మొదలు 2010 వరకు మానవులు భూగర్భమునుండి తోడిన నీరు సుమారు 2,15,000 కోట్ల టన్నులని పూర్వమే అంచనా వేయబడియుండగా, ఆ నీరు చివరకు సముద్రమున చేరి భూమి బరువుల పంపకమును మార్చుటచే, భ్రమణధ్రువము దాదాపు 80 సెంటీమీటర్లు తొలగినదని దక్షిణ కొరియా శాస్త్రజ్ఞుల నాయకత్వమున జరిగిన పరిశోధన తేల్చినది. అట్లు అత్యధికముగా నీరు తోడబడిన ప్రాంతములు రెండు: అమెరికా పడమటిభాగమును, మన దేశపు వాయవ్యభాగమును. ఇది భూమి పైపొరకును ధ్రువమునకును గల సంబంధమున కలిగిన మార్పు. గ్రహములు చేయునది నక్షత్రముల నడుమ కక్ష్యకును అక్షమునకును గల సంబంధమున కలుగు మార్పు. ఒకదానితో నొకటి కలిపివేయరాదు. ఈ తొలగుటవలన ఋతువులు మారవు. అయినను, గ్రహములకు మాత్రమే సాధ్యమని తలచిన మహాకార్యములలో మనమును వ్రేలు పెట్టితిమనుటకు, బోరుబావుల లోతు ఏటేట పెంచుకొనుచున్న రాయలసీమ, తెలంగాణములవారికిని ఇది తెలియవలసిన వార్త.

గ్రహచారము బాగుండలేదని వ్యక్తి తన దురదృష్టమునకు సమాధానము చెప్పుకొనుట వలన నష్టము ఆ యొక్క కుటుంబమునకే. జాతి యావత్తు తన చేతిపనికి గ్రహములను సాకుగా చూపుకొనుట ఆరంభించినచో, నష్టము పుట్టబోవు తరములది. అందుచే పత్రికాసంపాదకులకును, శాసనకర్తలకును, ఉపన్యాసకులకును నా విన్నపము: భూతాపమునకు ఆకాశమును కారణముగా చూపు ఎవరినైనను, ఎన్ని వికలలు, ఎన్ని సంవత్సరములలో, ఏ దిక్కునకు అని అడుగుడు. సమాధానము చెప్పలేనివారి వాదమును ప్రచురింపకుడు, ఆదరింపకుడు.

ఉపాధ్యాయులకు మరియొక విన్నపము. పరమక్రాంతిని కొలుచుటకు వేధశాల అక్కరలేదు. విజయవాడ అక్షాంశమున మీటరు పొడవుగల నిలువుకర్ర నీడ, డిసెంబరు 21 లేక 22వ తేదీన మధ్యాహ్నమున అతిచిన్నదైన క్షణమందు సుమారు 84 సెంటీమీటర్లుగా ఉత్తరమునకు పడును. జూను 21న అదే కర్ర నీడ సుమారు 12 సెంటీమీటర్లుగా దక్షిణమునకు పడును. ఈ రెండు నీడలనుండి లెక్కించిన కోణములు 40 డిగ్రీలు, 7 డిగ్రీలు. వాని మొత్తములో సగము ఇరువదిమూడున్నర. ఉలుగ్ బేగునకు మహాభవనమువలన సిద్ధించిన సూక్ష్మత మన పిల్లలకు సిద్ధింపదు. కాని గ్రహముల ప్రభావమునకు కొలత గలదనియు, ఆ కొలత తమ చేతికి అందుననియు వారికి తెలియును. తెలుగునాట ప్రతి ఉన్నతపాఠశాలయు ఏడాదికి ఈ రెండు దినములు ఆవరణలో కర్ర నాటి, నీడ కొలిచి, ఫలితమును పుస్తకమున వ్రాసియుంచు ఆచారమును రానున్న డిసెంబరునుండియే ప్రారంభింపవలెనని ప్రార్థించుచున్నాను.